తోడల్లుడి తొట్టిలో మురికి

నేను రిటైరైన రోజున ఆఫీసు వాళ్ళు నాకు చేపల తొట్టి ఇచ్చారు. అందులో తప్పేముందని అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి, నాకంటే ముందు రిటైరైన వాళ్ళకు ఏమేమిచ్చారో కూడా చెబుతాను. క్యాషియరుకు వెండి కుందులు. డిస్పాచ్ చూసే ఆవిడకు కంచిపట్టు చీర. గోడౌను సూపర్‌వైజరు తన సర్వీసులో సగం కాలం బస్తాల వెనక కునికిపాట్లు పడుతూ గడిపాడు; ఆయనకు శాలువా, చేతి గడియారం. నాకు గాజు తొట్టి, నాలుగు గోల్డ్ ఫిష్‌లు.

ఎందుకిచ్చారో కూడా ఆ సాయంత్రం వీడ్కోలు విందులోనే తెలిసింది. చేతులు కడుక్కుందామని వెళ్ళి తలుపు పక్కన ఆగాను. లోపల మా సెక్షన్ వాళ్ళిద్దరు మాట్లాడుకుంటున్నారు.

"రేపట్నుంచి సారు ఎవురికి కంప్లైంట్ చేస్తారప్పా?"

"అందుకే గదా చేపలు కొనింది. చెప్పుకోనీ. అవి నోరు తెరుస్తాయి గాని ఎదురు చెప్పవు."

నేను వెనక్కి వచ్చి ఐస్‌క్రీమ్ తిన్నాను. అవును, నా సర్వీసులో కంప్లైంట్లు రాశాను. లిఫ్టు గురించి రాశాను, క్యాంటీను సాంబారులో తేలిన దాని గురించి రాశాను, ఎండాకాలంలో తిరగని ఫ్యాన్ల గురించి రాశాను. లిఫ్టు బాగయింది. అదే లిఫ్టులో ఎక్కి దిగేవాళ్ళే ఆ గదిలో నవ్వారు. ఆ ఇద్దరి గొంతులూ నాకు ఇప్పటికీ గుర్తే.

తొట్టిని మా తొండియార్‌పేట ఇంటికి చిన్న వ్యానులో తెచ్చారు. దించుతుంటే వీధి వీధంతా గడపల్లోకి వచ్చి చూసింది. చేపల అంగడి మనిషి ఒకడు వెంట వచ్చి హాల్లో టీవీ పక్కన బల్ల మీద దాన్ని పెట్టి, అడుగున గులకరాళ్ళు పోసి, నీళ్ళు నింపి, స్పాంజి ఉన్న ఫిల్టరు తగిలించి, కవర్లోని చేపల్ని అప్పటికప్పుడే వదిలేసి వెళ్ళిపోయాడు. నా భార్య సంబరపడింది. "ఇంటికి కళ వచ్చినట్టు ఉందండీ" అంది. నాకు మాత్రం ఆ గాజులో నా ముఖమే కనబడింది, దాని వెనక నోళ్ళు తెరుస్తూ మూస్తూ నాలుగు చేపలు.

ఇవి చస్తే ఆఫీసులో ఏమనుకుంటారో నాకు ముందే వినిపించింది. చేపలు కూడా ఆయనతో వేగలేకపోయాయి అంటారు. ఆ మాట వాళ్ళ నోట రాకూడదు. అందుకని వీటిని బతికించి తీరాలని ఆ రాత్రే అనుకున్నాను. ప్రేమ కాదు అప్పటికి. పంతం.

మా ఇంట్లో శుక్రవారం వస్తే ఇల్లంతా కడగాలి. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు, దేవుడి సామానుకు చింతపండు, హాలుకు బకెట్ల కొద్దీ నీళ్ళు. నా భార్య వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. ఏది కడిగితే అది బాగుంటుంది, ఏది కడగకపోతే అక్కడ దరిద్రం చేరుతుంది. తొట్టిలో నీళ్ళు మూడు నాలుగు రోజులకే పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. శుక్రవారం రాగానే తొట్టి పని నేను తీసుకున్నాను. చేపల్ని గిన్నెలోకి మార్చి, నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళను బియ్యం కడిగినట్టు నీళ్ళు తేరుకునేదాకా కడిగాను. స్పాంజి అప్పటికే గోధుమరంగుకు తిరిగి కొంచెం జిగటగా ఉంది. దాన్ని వేడినీళ్ళలో పిండి పిండి, మిద్దె మీద తీగకు క్లిప్పు పెట్టి ఆరేశాను. సాయంత్రానికి కొత్తదానిలా తయారయింది. వీధిలోకి వచ్చే ట్యాంకరు లారీ నీళ్ళు కొత్తగా పట్టి పోశాను. మా వీధిలో నీళ్ళకు బ్లీచింగ్ పౌడర్ వాసన ఎంత ఘాటుగా వస్తే అంత మంచి నీళ్ళని నమ్మకం. ఆ రోజు ఘాటుగానే వచ్చింది. తృప్తిపడ్డాను.

తొట్టి అద్దంలా మెరిసింది. చేపలు మాత్రం పైకి వచ్చి నీటి అంచున మూతులు పెట్టి గాలి మింగుతున్నాయి.

"మనల్ని చూసి మాట్లాడతా ఉండాయి" అంది నా భార్య. "ఆకలేమో పాపం." ఇంకాస్త మేత వేసింది. నేను కూడా వేశాను.

మొదటి చేప మర్నాడు చచ్చిపోయింది. దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి, చెత్త బండి వచ్చినప్పుడు ఎవరూ చూడకుండా వేద్దామని కిందికి దిగాను. బండి దగ్గర ఆవిడ పొట్లం తీసుకుని తూచినట్టు ఎగరేసి, "ఏంది సార్ ఇది? తడి చెత్తా, పొడి చెత్తా?" అని గట్టిగా అడిగింది. ఎదురింటి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నవాళ్ళు కిందికి వంగి చూశారు. "తడి" అన్నాను. పొట్లంలోంచి తోక బయటికి వచ్చింది.

తర్వాతి శుక్రవారం మళ్ళీ కడిగాను, ఈసారి ఇంకా శ్రద్ధగా. రెండోది చచ్చింది.

ఇక ఊరుకోదలచుకోలేదు. చచ్చిన చేపను కవర్లో పెట్టుకుని, దాన్ని అమ్మిన అంగడికి కొళత్తూరు దాకా వెళ్ళాను. రోగిష్టి చేపల్ని అంటగట్టారని అందరూ వినేలా అడిగాను. అంగడివాడు కవరు వైపు కూడా చూడలేదు. తొట్టి ఇంకా సెట్ కాలేదు, సైకిల్ కావాలి, అంతదాకా ఇట్లాగే చస్తాయి అని తమిళంలో చెప్పి, ఇంకొకరికి మేత పొట్లం కట్టడంలో పడ్డాడు. చేపల్ని తొట్టిలో వదిలిన రోజే ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగాల్సిన ప్రశ్నే అది, ఇప్పటికీ అదే అంటాను. "మనిషికే గ్యారంటీ లేదు, మీనుకి ఎక్కడిది సార్?" అన్నాడు. అంగడిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. చేతిలో చచ్చిన చేప ఉన్న కవరుతో ఆ నవ్వుల మధ్య నిలబడ్డాను. వస్తూ వస్తూ బస్టాపు పక్కన డబ్బాలో దాన్ని పడేశాను.

ఇంటికి వచ్చి ఫోన్లో వీడియోలు పెట్టుకున్నాను. సైకిల్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చేప విసర్జించింది, తినకుండా వదిలేసిన మేత, ఇవన్నీ నీళ్ళలో కుళ్ళి అమ్మోనియా అవుతాయి. అది చేపకు విషం. ఆ విషాన్ని తిని బతికే కంటికి కనబడని జీవులు కొన్ని ఉంటాయట. అవి రాళ్ళ మీద, ముఖ్యంగా స్పాంజిలో, మెల్లగా కాపురం పెడతాయి. అవి తగినంత పెరిగేదాకా వారాలు పడుతుంది. అవి ఉన్న తొట్టే తొట్టి, లేనిది ఉత్త గాజుపెట్టె. ఆ జీవులకు బ్లీచింగ్ నీళ్ళు పడవు, వేడి పడదు, ఎండ అసలే పడదు. స్పాంజి మీద గోధుమరంగు జిగటే వాటి ఇల్లు.

వీడియో ఆపాను. మిద్దె మీది తీగ, దానికి నేను పెట్టిన క్లిప్పు గుర్తొచ్చాయి. నా భార్య కూడా పక్కన కూర్చుని చూసింది. "అంటే మనం మంచిగా కడిగినామనేదే..." అని ఆపేసింది. ఆవిడ ముఖం చూడలేక తొట్టి వైపు తిరిగాను. మిగిలిన రెండు చేపలూ నీటి అంచునే ఉన్నాయి. ఒకదానికి నోటి దగ్గర నల్లటి మచ్చ, మీసంలా ఉంటుంది. నేను బల్ల దగ్గరికి వెళితే ఆ ఆయాసంలోనూ నా వైపే ఈదుకొచ్చేది.

దీనికి దగ్గరి దారి ఒకటుందని అదే వీడియోలో చెప్పారు. చాలాకాలంగా చేపలు బాగా బతుకుతున్న తొట్టి నుంచి మురికి పట్టిన స్పాంజి తెచ్చి పెడితే ఆ జీవులు దానితోనే వచ్చేస్తాయి, కొద్దిరోజుల్లో నీళ్ళు దారికొస్తాయి. అయితే అంగడి తొట్లలోది వద్దన్నారు, రోగాలు అంటుకుంటాయని. ఇంట్లో పెంచుకునేవాళ్ళ దగ్గర తెచ్చుకోవాలి.

ఆవిడే అంది.

"అక్కోళ్ళింట్లో ఉంది గదా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా భార్య అక్కా, ఆమె భర్తా పురసవాక్కంలో ఉంటారు. ఆయనకు అక్కడే బట్టల అంగడి. వాళ్ళ హాల్లో గోడ పొడుగునా చేపల తొట్టి ఉంది, ఎన్నో ఏళ్ళుగా. ఆ హాల్లోనే వాళ్ళమ్మాయి నిశ్చితార్థం జరిగింది. మగవాళ్ళమంతా జంబుకానా మీద కూర్చున్నాం. మంచినీళ్ళ పళ్ళెం వచ్చింది. పెళ్ళికొడుకు వైపు వాళ్ళకు వెండి గ్లాసులు. సరే, అది మర్యాద. మిగతా అందరికీ స్టీలు టంబ్లర్లు. వీధి చివర కిరాణా అంగడి ఆయనకు కూడా స్టీలు టంబ్లరే. నా దగ్గరికి వచ్చేసరికి ప్లాస్టిక్ కప్పు. పట్టుకోగానే సొట్టపడే రకం. నీళ్ళు నా పంచె మీద ఒలికాయి. ఎవరో నవ్వారు. నా తోడల్లుడు ఆ పక్కనే ఉన్నాడు, చూశాడు, ఇంకొక టంబ్లరు తెమ్మని లోపలికి చెప్పలేదు. నేను కప్పు కింద పెట్టి, భోజనం చేయకుండా లేచి వచ్చేశాను. ఇంక జన్మలో ఆ ఇంటి పచ్చినీళ్ళు ముట్టనని ఆ రోజే నా భార్యకు చెప్పాను. ఆ అమ్మాయి పెళ్ళికి కూడా వెళ్ళలేదు. నా భార్య ఒక్కతే వెళ్ళింది. అప్పటి నుంచీ ఒక్కతే వెళుతోంది.

"నువ్వు పొయ్యి తీసుకురా" అన్నాను.

"నేను పోను."

"ఎందుకు?"

"ఎందుకా? నేను పోయినప్పుడల్లా మీ ఆయన రాలేదా అంటారు. కాలు నొప్పి అంటా. నేను చెప్పిన అబద్ధాలకి మీ కాళ్ళు ఈపాటికి అరిగిపోయుండాల. ఇప్పుడు చేప కోసం కూడా నేనే పొయ్యి అడగాల్నా? కావాలంటే మీరు రాండి, తోడొస్తా."

రానన్నాను. చేపకోసం ఆ గడప తొక్కుతానా అన్నాను. రోజూ కొంచెం కొంచెం నీళ్ళు మారుస్తూ, బకెట్లో నిలవబెట్టి వాసన పోయిన నీళ్ళే పోస్తూ, మేత తగ్గించి, నా దారిన నేను చూసుకుంటానన్నాను. అలాగే చేశాను కూడా. కానీ అంతకుముందు పట్టిన విషం పట్టేసిందేమో, మచ్చలేని చేప పక్కకు ఒరిగి, ఒక కన్ను పైకి పెట్టుకుని ఒక పూటంతా తిరిగి చచ్చిపోయింది. దాన్ని వలతో తీస్తుంటే మచ్చ ఉన్నది వల వెంటే వచ్చింది.

ఆ మధ్యాహ్నం మూత ఉన్న పాత పెయింటు బకెట్టు కడిగి పట్టుకుని, "పద" అన్నాను. నా భార్య చెప్పులు వేసుకుంది.

పురసవాక్కంలో వాళ్ళ మెట్లెక్కేటప్పుడు బకెట్టును ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాను. ముందు ఏమనాలో బస్సులో అంతా కూడబలుక్కున్నాను. దారిన పోతూ వచ్చినట్టు ఉండాలి, అడిగినట్టు ఉండకూడదు. బెల్లు కొట్టాం. గ్రిల్లు తలుపు వెనకకు నిశ్చితార్థం జరిగిన ఆ అమ్మాయి కూతురు వచ్చింది, నాలుగేళ్ళది. నన్ను ఎప్పుడూ చూడలేదు. నా భార్యను చూసి "చిన్నమ్మమ్మా!" అని గంతేసింది. తర్వాత తలెత్తి నన్ను, నా బకెట్టును చూసింది. చిన్నమ్మమ్మ వెంట వచ్చిన మనిషి ఎవరై ఉంటాడో లెక్క తేల్చుకుంది. లోపలికి తిరిగి ఇల్లదిరేలా అరిచింది.

"అమ్మమ్మా! ప్లాస్టిక్ టంబ్లర్ తాతా వందుట్టారు!"

వచ్చేశారు అని తమిళంలో. ఆ వయసు పిల్లల తెలుగులో సగం తమిళమే.

మా వదిన వంటింట్లోంచి వచ్చి పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏందో వాగతా ఉంది... రాండి, రాండి, లోపలికి రాండి." ఆమె ముఖం ఎర్రబడింది. లోపలి నుంచి నా తోడల్లుడు వచ్చాడు. పిల్ల చెయ్యి తోసేసి ఆయన వైపు చూపించింది. "తాతా నువ్వే గదా చెప్పినావు? ప్లాస్టిక్ టంబ్లర్ తాతా అని!"

తొట్టిలో మోటారు చప్పుడు ఒక్కటే వినిపించింది.

నాకు జరిగిన అవమానం ఆ ఇంట్లో ఒక పేరై, నేను మోసుకు తిరిగినంత కాలమూ వాళ్ళ నోళ్ళలో నలిగిందన్నమాట. ఆ రోజు తర్వాత పుట్టిన పిల్లకు కూడా ఆ పేరు తెలుసు. వాళ్ళు సిగ్గుపడి ఉంటారనుకున్నాను. ఎప్పుడైనా తలచుకుని బాధపడి ఉంటారనుకున్నాను. వాళ్ళు నవ్వుకున్నారు.

ఇంకెప్పుడైనా అయితే ఆ మాట పూర్తయ్యేలోపు మెట్లు దిగి ఉండేవాణ్ణి. కాలు వెనక్కి తిరిగింది కూడా. నా భార్య ఆపలేదు. నా వైపు చూడనైనా చూడలేదు. నేలను చూస్తూ నిలబడింది, నేను వెళ్ళిపోతే ఒక్కతే లోపలికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నట్టు. నా చేతిలో ఖాళీ బకెట్టు ఉంది. ఇంట్లో ఒక చేప ఊపిరి కోసం పైకి మూతి పెట్టుకుని ఉంది. వెళ్ళలేకపోయాను. బస్సులో అనుకున్న మాటలన్నీ పోయాయి.

"మీ తొట్టిలో మురికి కొంచెం కావాల అన్నా" అన్నాను.

ఆయన నా ముఖమూ, బకెట్టూ చూశాడు. "మురికా?"

"స్పాంజిలో ఉండే మురికి."

"ఇన్నేండ్లకి మా ఇంటికొచ్చి అడిగేది మురికేనా అప్పా? ఇంకేం దొరకలేదా నీకు?" అన్నాడు. నవ్వాలని మొదలుపెట్టాడు గానీ నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఎన్ని చచ్చినాయి?"

"మూడు."

"కడిగినావా?"

చెప్పాను.

"స్పాంజిని కూడానా?"

"వేడినీళ్ళలో." ఇంకా చూస్తుంటే మిగతాది కూడా చెప్పాల్సి వచ్చింది. "మిద్దె మీద ఎండబెట్టినా."

"అయ్యయ్యో!" ఆయన వదిన వైపు తిరిగాడు. "ఇదో, విన్నావా? మనోడు స్పాంజిని మిద్దె మీద ఎండేసినాడంట, వడియాల మాదిరి!"

వదిన నవ్వింది. నా భార్య కూడా నవ్వింది, అందరికంటే ముందు. నేను కూడా పెదాలు సాగదీశాను. లోపల మాత్రం ఇంకొక పేరు పుట్టడం వినబడుతూనే ఉంది.

ఆయన స్టూలెక్కి తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పెద్ద ఫిల్టరు ఊడదీశాడు. అందులో స్పాంజి నల్లగా, బురదలోంచి తీసినట్టు ఉంది. చిన్న ముక్క కోసి ఇస్తాడేమోనని చూశాను. మొత్తం నా బకెట్టులో వేశాడు. "నాకు ఆ పక్క ఇంకోటుంది. ఇదంతా తీసుకో." పైన తన తొట్టి నీళ్ళే చెంబుతో పోశాడు. "ఎండనీకు. పిండొద్దు. ఇంటికి పోంగానే పెట్టు, రేపు పెడదాంలే అనుకోవద్దు. మేత చిటికెడు. చూడలేక వేస్తావు, వెయ్యొద్దు." నేను తల ఊపుతూ నిలబడ్డాను. నా జీవితంలో ఒక మనిషి చెప్పిందానికి అన్నిసార్లు తల ఊపి ఉండను.

వదిన రెండు స్టీలు టంబ్లర్లలో కాఫీ తెచ్చింది. నా భార్య తీసుకుంది. నేను వద్దన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వాళ్ళింటి తొట్టిలో మురుగు బకెట్టు నిండా పట్టుకుని నిలబడి, వాళ్ళింటి కాఫీ వద్దన్నాను. పట్టుదల అనుకున్నాను ఆ క్షణాన. వదిన ఆ టంబ్లరు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. కాఫీ మీద మీగడ కట్టింది. నా భార్య తన కాఫీ గబగబా తాగేసింది.

తోడల్లుడు మాతో కింది దాకా వచ్చాడు. మెట్ల చివర నా బకెట్టు మూత ఒకసారి నొక్కి చూశాడు. "ఆ రోజు..." అన్నాడు.

నేను ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన మాట అది. ఎలా మొదలవుతుందో, నేను ఏం జవాబు చెబుతానో ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా అది నోటి దాకా వచ్చేసరికి, బకెట్టుతో నిలబడి దాన్ని వినలేకపోయాను.

"బస్సొస్తా ఉందన్నా" అన్నాను. బస్సు ఏదీ రావడం లేదు. ఆయన కూడా వీధి వైపు చూశాడు. "సరి, పొయ్యిరాండి" అన్నాడు.

బస్సులో బకెట్టు కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. కండక్టరు వంగి చూసి, మీనా, అంటే చేపలా అని అడిగాడు. నీళ్ళన్నాను. "ఏం సార్, తొండియార్‌పేటలో నీళ్ళు రావడంలేదా, ఇక్కడ్నుంచి మోసుకుపోతా ఉన్నారు?" అన్నాడు తమిళంలో. "మంచినీళ్ళు కాదు, మురికినీళ్ళు" అని నా భార్య జవాబు చెప్పింది. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసి కాళ్ళు ముడుచుకున్నారు.

కొంతదూరం పోయాక అడిగాను. "నీకు తెలుసా ఆ పేరు?"

తెలియనట్టు నటించలేదు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళప్పట్నుంచి. మీరేరని అందరూ అడగతా ఉంటే బావ చెప్పినాడు. ప్లాస్టిక్ టంబ్లర్లో నీళ్ళిచ్చినామని అలిగి కూర్చున్నాడు అని. ఆ పేరు ఆడ పెట్టినారు, పిల్లోళ్ళు పట్టుకున్నారు."

"నాకు చెప్పలేదే."

"చెప్తే ఏం చేస్తారు? ఇంకో నాలుగిళ్ళు మానేస్తారు."

"నువ్వు కూడా నవ్వినావా?"

ఆవిడ కిటికీలోంచి చూసింది. బస్సు కుదుపుకు బకెట్టులో నీళ్ళు చప్పుడు చేస్తే వంగి మూత పట్టుకుంది. అలాగే వంగి ఉండి చెప్పింది. "పెండ్లి మంటపంలో ఒక్కదాన్నే నిలబడి ఉండా. జోడీలుగా పిలిచి తాంబూలం ఇస్తా ఉండారు. అందరూ నా చుట్టూ చేరి నవ్వతా ఉంటే నేనేం చెయ్యాలండీ? నవ్వినా."

ఎవరెవరు నన్ను ఏమన్నారో, ఎప్పుడన్నారో, ఏ రంగు చొక్కా వేసుకుని అన్నారో నాకు గుర్తుంటుంది. ఆ పెళ్ళికి నా భార్య ఏ చీర కట్టుకుని వెళ్ళిందో గుర్తుచేసుకుందామని చూశాను. రాలేదు. ఆవిడ తిరిగి వచ్చాక పెళ్ళెలా జరిగిందని అడిగానా అంటే, అదీ లేదు. నన్ను ఎవరైనా అడిగారా అని మాత్రం అడిగాను. అందరూ అడిగారని చెప్పింది. అది విని సంతోషించాను కూడా.

ఇంటికి చేరగానే చెప్పులు విప్పకుండానే స్పాంజిని ఫిల్టరులో పెట్టాను. మురికి పొగలా లేచి, అద్దంలా ఉన్న తొట్టి ఒక్కసారిగా చెరువు నీళ్ళయింది. నల్లమచ్చ చేప అందులో కనబడకుండా పోయింది. నా భార్య గుడ్డ తెచ్చి బల్ల మీద ఒలికిన నీళ్ళు తుడిచింది, గాజును తుడవబోయి ఆగింది.

మర్నాడు మురికి అడుగుకు దిగింది. చేప మాత్రం పైనే ఉంది. నేను రోజూ కొంచెం నీళ్ళు తీసి, నిలవ నీళ్ళు పోశాను. మేత చిటికెడే వేశాను. వేసి, అది ఇంకా కావాలన్నట్టు తిరుగుతుంటే పక్క గదిలోకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. శుక్రవారం నా భార్య హాలు కడుగుతూ బల్ల దాకా వచ్చి, దాని కాళ్ళ చుట్టూ కడిగి వదిలేసింది. గాజుకు లోపల పచ్చటి నాచు పట్టడం మొదలైంది. ఎవరైనా వస్తే చూసి ఏమనుకుంటారోనని ఆవిడకు సంకటంగా ఉండేది. నాకూ అంతే. కానీ ఇద్దరం దాన్ని ముట్టుకోలేదు.

మచ్చ ఉన్న ఆ చేప చావకూడదనుకోవడంలో అప్పటికి ఆఫీసు గొడవ లేదు. ఆఫీసులో ఏమనుకున్నా అనుకోనీ అనిపించింది. ఆ ఇద్దరినీ క్షమించానని కాదు. వాళ్ళ సంగతి వేరు. ఆ మురికి తేవడానికి ఇద్దరం అక్కడ నిలబడ్డది వృథా కాకూడదు. ముఖ్యంగా ఆవిడది.

ఒకరోజు పొద్దున లేచి చూస్తే నీటి అంచున చేప లేదు. వల కోసం వెతుకుతుంటే నా భార్య "ఈడ చూడండి" అంది. అది అడుగున ఉంది. రాళ్ళ మధ్య మూతి పెట్టి, ఒక రాయి నోట్లో వేసుకుని, అటూ ఇటూ తిప్పి, ఉమ్మేసి, ఇంకొకటి తీసుకుంటోంది. ఆయాసం లేదు. రెక్కలు విప్పుకుని ఉంది.

"అక్కోళ్ళకి చెప్పాల" అంది.

"నువ్వు చెప్పు."

"చేప మీది. మీరే చెప్పండి." ఆవిడ నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"అన్నా, నేను."

"ఎవురు?"

"తొండియార్‌పేట నుంచి."

"ఓ, చెప్పప్పా."

"కిందికి దిగింది."

"ఎవురు?"

"చేప."

"అట్టనా! రాళ్ళు నమలతా ఉందా?"

"నమిలి ఉమ్మతా ఉంది."

"ఇంక భయంలేదులే. కొత్తవి ఇప్పుడే తేవద్దు. కొన్నాళ్ళు ఆగు."

"సరే అన్నా."

అవతల టీవీ వినబడుతోంది. ఆయన ఫోను పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఆ రోజు మెట్ల దగ్గర నేను తెంపేసిన మాట మళ్ళీ మొదలుపెడతాడేమోనని ఆగాను. ఈసారి బస్సు పేరు చెప్పకుండా విందామనే ఆగాను. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"మేత చిటికెడే వెయ్యి" అన్నాడు.

"చిటికెడే వేస్తా ఉండా."

"సరి మరి."

వంటింట్లోంచి నా భార్య అడిగింది. "ఏమన్నాడు బావ?"

"మేత తగ్గించమన్నాడు."

"అంతేనా?"

"అంతే" అన్నాను.